జబ్బు సెలవు పెడితే యాజమాన్యం వేధిస్తోందా? డెలివరీ కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

"జ్వరమని చెప్పగానే నన్ను దొంగను చూసినట్టు చూశారు." యూనియన్ ప్రతినిధిగా పనిచేసిన ఇన్నేళ్ళలో ఈ మాట వినకుండా నాకు ఒక్క నెల గడవలేదు. పార్సిళ్ళు, ఉత్తరాలు, సరుకులు ఇంటింటికీ చేర్చే సభ్యులు మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రతి ప్రశ్ననూ దాని జవాబుతో విడిగా చదువుకోవచ్చు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, యాజమాన్యంతో యూనియన్ చేసుకున్న ఒప్పందం సంస్థను బట్టి మారుతుంది. కాబట్టి మీ ఒప్పందంలో సెలవుల గురించి, క్రమశిక్షణ గురించి ఉన్న పేజీలను దగ్గర పెట్టుకుని చదవండి.

## జబ్బు పడిన రోజు

పొద్దున లేవలేకపోయాను. ఎవరికి, ఎలా చెప్పాలి?

షిఫ్టు మొదలయ్యేలోపు చెప్పాలి. ఎంత ముందు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఒప్పందంలో ఉంటుంది. ఫోన్ చేయండి, వెంటనే అదే విషయాన్ని మెసేజ్‌గా కూడా పంపండి: "ఆరోగ్యం బాగాలేదు, ఈ రోజు పనికి రాలేను, 5.40కి మీతో ఫోన్‌లో చెప్పాను." ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు, మెసేజ్‌కు ఉంటుంది. నేను చూసిన కేసుల్లో చాలావరకు జబ్బు నిజమా కాదా అన్న దగ్గర చిక్కుకోలేదు. "చెప్పకుండా మానేశాడు" అన్న ఒక్క వాక్యం దగ్గరే చిక్కుకున్నాయి. ఆ వాక్యం రాసే అవకాశం వాళ్ళకు ఇవ్వకండి.

ఏం జబ్బో మేనేజర్‌కు చెప్పి తీరాలా?

పనికి రాలేనని, సుమారుగా ఎన్నాళ్ళు పడుతుందని చెబితే సాధారణంగా సరిపోతుంది. రోగం పేరు, వాడే మందులు, పరీక్షల ఫలితాలు మీ సొంత విషయాలు. సర్టిఫికెట్‌లో రోగం పేరు ఉండాలని ఒప్పందమో చట్టమో అడిగితే ఆ కాగితాన్ని సిబ్బంది విభాగానికి మూసిన కవరులో ఇవ్వండి. అది సూపర్‌వైజర్ బల్ల మీద అందరికీ కనిపించేలా పడి ఉండకూడదు. రెండు సందర్భాల్లో మాత్రం దాచకండి. ఒకటి, తోటివారికి అంటుకునే జబ్బు. రెండు, మత్తు కలిగించే మందు వేసుకుని బండి నడపాల్సి రావడం. మందు పేరు చెప్పనక్కర్లేదు, "ఈ మందు వాడుతున్నన్నాళ్ళు నడపవద్దని డాక్టర్ చెప్పారు" అంటే చాలు.

రూటు మధ్యలో కళ్ళు తిరిగాయి. "ఉన్న పార్సిళ్ళు ఇచ్చేసి రా" అన్నారు. ఏం చేయాలి?

బండి ఆపండి. నీడలోకి వెళ్ళండి. ఆ తర్వాతే ఫోన్.

ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను: ఏ పార్సిలూ మీ ప్రాణం కన్నా ఎక్కువ కాదు, రోడ్డు మీద నడిచే మనిషి ప్రాణం కన్నా అసలే కాదు. ఎండలో పనిచేసేటప్పుడు తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట వడదెబ్బకు ముందు వచ్చే హెచ్చరికలు. మాట తడబడి, మనిషి అయోమయంలో పడి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బే. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. వెంటనే అంబులెన్సును పిలిపించి, వచ్చేలోపు ఒళ్ళంతా చల్లని నీళ్ళతో తడపాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం 13వ అధికరణం ప్రకారం, ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ణి అనుచిత పరిణామాల నుంచి కాపాడాలి. 2022లో ఈ ఒప్పందాన్ని ఆ సంస్థ మౌలిక ఒప్పందాల్లో చేర్చారు. మీరు కాస్త తేరుకున్నాక ఈ నాలుగూ మెసేజ్‌లో పెట్టండి: ఎక్కడ ఆగారు, ఎన్ని గంటలకు, ఎన్ని పార్సిళ్ళు మిగిలాయి, బండికి తాళం వేశారా. అయినా వెళ్ళమంటే "ఆ ఆదేశాన్ని రాతలో పంపండి" అని అడగండి. రాతలో పంపేవాళ్ళు అరుదు.

ఒక్కరోజు పడుకుంటే తగ్గేదానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలా?

ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో మొదటి 7 రోజులకు కార్మికుడు తానే రాసిచ్చే ధ్రువీకరణ చాలు. జర్మనీలో సాధారణంగా జబ్బు 3 రోజులు దాటితే సర్టిఫికెట్ అడుగుతారు, యజమాని అంతకన్నా ముందే కూడా అడగవచ్చు. మీ దగ్గర మొదటిరోజు నుంచే కావాలన్న నియమం ఉంటే అది అందరికీ వర్తిస్తోందా, మీ ఒక్కరికేనా అని చూడండి. మీ ఒక్కరికే అయితే ఫిర్యాదుకు అదొక్కటే చాలు.

ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. అలా అని రాయిస్తే నవ్వరా?

కుంగుబాటు, తీవ్రమైన ఆందోళన, నిద్ర పట్టకపోవడం కూడా జబ్బులే. వాటికీ డాక్టరు ఉన్నాడు, సెలవూ ఉంది. నిద్ర లేని మనిషి బండి నడపడం జ్వరంతో నడపడం కన్నా ప్రమాదం తక్కువేమీ కాదు. సిగ్గుపడి "కడుపునొప్పి" అని రాయించకండి. తర్వాత అసలు కారణం బయటపడితే అబద్ధం చెప్పారన్న నింద కూడా మీద పడుతుంది. పేరు బయటపెట్టడం ఇష్టం లేకపోతే "వైద్య కారణాల వల్ల విశ్రాంతి అవసరం" అని మాత్రమే రాయమని డాక్టర్‌ను అడగవచ్చు.

## సెలవులో ఉండగా

రోజూ ఫోన్ చేసి "ఎప్పుడొస్తావు" అంటున్నారు. ఎత్తాలా?

అప్పుడప్పుడు సమాచారం అడగడం తప్పు కాదు. రోజూ, రాత్రిపూట, ఇంట్లోవాళ్ళ నంబర్లకు కూడా చేయడం ఒత్తిడి పెట్టడమే. ఒక మెసేజ్ పంపండి: "డాక్టర్ ఫలానా తేదీ వరకు విశ్రాంతి చెప్పారు. ఏదైనా మారితే నేనే తెలియజేస్తాను. ఇకపై మెసేజ్ ద్వారా మాట్లాడదాం." ఆ తర్వాత వచ్చే ప్రతి ఫోన్‌కు తేదీ, సమయం రాసి ఉంచండి. ఎన్నిసార్లు చేశారో కాగితం మీద కనిపిస్తే "ఆరోగ్యం కనుక్కోవడానికి చేశాం" అనే జవాబు నిలవదు.

సూపర్‌వైజర్ ఇంటికే వచ్చాడు. లోపలికి రానివ్వాలా?

అక్కర్లేదు. గుమ్మం దగ్గరే మర్యాదగా మాట్లాడి పంపించవచ్చు. అక్కడికక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏమన్నారు అన్నది అదే రోజు మీ ప్రతినిధికి పంపండి.

జబ్బు సెలవులో బయట కనిపిస్తే తప్పా?

జబ్బును బట్టి. చేయి విరిగిన మనిషి నడవకూడదని ఎవరూ చెప్పరు. కుంగుబాటు ఉన్నవాళ్ళను రోజూ నడవమని డాక్టర్లే చెబుతారు. మందుల కోసమో, పిల్లల కోసమో బయటికి వెళ్ళినంత మాత్రాన జబ్బు అబద్ధం కాదు. డాక్టర్ చెప్పిన జాగ్రత్తలకు విరుద్ధమైన పని మాత్రం చేయకండి. నడుము పట్టేసిందని సెలవు పెట్టి బియ్యం మూట భుజాన వేసుకుంటే మీ తరఫున వాదించడం నా వల్ల కూడా కాదు. పాత ఫోటోలను ఆ రోజుల్లో సామాజిక మాధ్యమాల్లో పెట్టడం కూడా మానండి. పాతవని నిరూపించే భారం మీ మీద పడుతుంది.

జబ్బు సెలవులో జీతం ఎంత రావాలి?

ముందు ఒప్పందం చూడండి, తర్వాత చట్టం. ఏది ఎక్కువ ఇస్తే అది మీది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాలు ఇలా ఉన్నాయి: 1952 నాటి 102వ ఒప్పందం కనీసం 45 శాతం వేతనాన్ని 26 వారాల వరకు, 1969 నాటి 130వ ఒప్పందం 60 శాతాన్ని 52 వారాల వరకు చెబుతాయి. రెండూ మొదటి 3 రోజులకు ఇవ్వకపోయినా ఒప్పుకుంటాయి. వీటిని ఆమోదించిన దేశాలకే ఇవి వర్తిస్తాయి. జర్మనీలో యజమాని 6 వారాల పాటు పూర్తి జీతం ఇవ్వాలి.

ఆ మొదటి మూడు రోజుల మినహాయింపు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దాని దెబ్బ పెద్దది. రెండు రోజుల జ్వరానికి పైసా రాదని తెలిసిన మనిషి జ్వరంతోనే బండెక్కుతాడు. ఒప్పందం గురించి మాట్లాడే ప్రతిసారీ యూనియన్లు ఆ మూడు రోజుల జీతాన్ని అడిగి తీరాలని నా అభిప్రాయం.

మా డాక్టర్ రాసినది చెల్లదట, కంపెనీ డాక్టర్ చూడాలట. వెళ్ళాలా?

ఒప్పందంలో ఆ షరతు ఉంటే వెళ్ళండి, వెళ్ళకపోతే అదే తప్పుగా రాస్తారు. మీ డాక్టర్ కాగితాల నకళ్ళు పట్టుకెళ్ళండి, అసలువి ఇవ్వకండి. పరీక్ష ఎంతసేపు జరిగింది, ఏం అడిగారు అన్నది బయటికి రాగానే రాసుకోండి. ఆయన నివేదిక నకలు కావాలని రాతలో అడగండి. కంపెనీ డాక్టర్ అసలు పని కూడా తెలుసుకోండి: వృత్తిపరమైన ఆరోగ్య సేవల మీద 1985లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 161వ ఒప్పందం, ఆ సేవల సిబ్బందితో కార్మికుల గైర్హాజరీ కారణాలను నిర్ధారించే పని యజమాని చేయించకూడదని 15వ అధికరణంలో చెబుతుంది. పనిచేసే చోట ఏది జబ్బు తెస్తోందో కనిపెట్టడానికే వాళ్ళున్నారు. ఇద్దరు డాక్టర్ల మాటలు పొసగకపోతే మూడో డాక్టర్ అభిప్రాయానికి ఒప్పందంలో వీలుందేమో ప్రతినిధిని అడగండి.

## తిరిగి పనిలోకి వచ్చాక

వెళ్ళగానే "ఒక్క నిమిషం మాట్లాడాలి" అని గదిలోకి పిలిచారు. ఒంటరిగా వెళ్ళనా?

ముందు ఒక ప్రశ్న అడగండి: "ఈ మాటల వల్ల నా మీద చర్య వచ్చే అవకాశం ఉందా?" అవునన్నా, జవాబు చెప్పకపోయినా, "నా యూనియన్ ప్రతినిధి వచ్చాక మాట్లాడతాను" అనండి. అమెరికా సుప్రీంకోర్టు 1975లో వైన్‌గార్టెన్ కేసులో యూనియన్ కార్మికులకు ఈ హక్కును ఖాయం చేసింది. అయితే అడిగినవారికే ఆ హక్కు ఉంటుంది, నోరు తెరిచి అడగాలి. బ్రిటన్‌లో 1999 నాటి చట్టం క్రమశిక్షణ విచారణకు తోడు తీసుకెళ్ళే హక్కు ఇచ్చింది. మీ దేశంలో చట్టం లేకపోయినా చాలా యూనియన్ ఒప్పందాల్లో ఈ వాక్యం ఉంటుంది.

"ఆరోగ్యం ఎలా ఉంది" అన్న మామూలు పలకరింపు వేరు. "పోయిన నెల కూడా మానావు కదా" అన్నప్పుడు అది పలకరింపు కాదు. మాట మారిన క్షణంలోనే ఆపి ప్రతినిధిని అడగవచ్చు.

పది రోజులే సెలవు పెట్టాను, నా స్కోరు వెయ్యికి చేరిందంటున్నారు. ఇదేం లెక్క?

బహుశా బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్ అనే లెక్క. ఎన్నిసార్లు సెలవు పెట్టారో ఆ సంఖ్యను దానితోనే గుణించి, మళ్ళీ మొత్తం రోజులతో గుణిస్తారు. ఒకేసారి పది రోజులు మానితే 1×1×10, అంటే 10. రెండేసి రోజుల చొప్పున ఐదుసార్లు మానితే 5×5×10, అంటే 250. ఒక్కొక్క రోజు చొప్పున పదిసార్లు మానితే 10×10×10, అంటే 1000. మానింది అన్నిట్లోనూ పది రోజులే.

ఈ సూత్రం ఎవరిని కొడుతుందో చూడండి. ఉబ్బసం, మైగ్రేన్, మూర్ఛ, నెలసరి బాధలు, డయాలసిస్ ఉన్నవాళ్ళు విడివిడిగా ఒక్కోరోజు మానాల్సి వస్తుంది. ఆ రోగాల తీరే అంత. ఒక్కరోజుతో తగ్గేదానికి పది రోజులు పడుకున్నవాళ్ళకు ఈ లెక్కలో మేలు, తగ్గగానే పనికి వచ్చినవాళ్ళకు శిక్ష. దీర్ఘకాలిక జబ్బు సెలవులను, పనిలో తగిలిన దెబ్బల సెలవులను లెక్కలోంచి తీయమని డాక్టర్ కాగితం జతచేసి రాతలో అడగండి. వైకల్య హక్కుల చట్టం ఉన్న చోట దాన్ని కూడా ప్రస్తావించండి. స్కోరు ఎలా వచ్చిందో తేదీలతో సహా చూపించమనండి. సెలవు రోజులను, వారాంతాలను కలిపి తప్పుగా లెక్కించిన సందర్భాలు నేను చూశాను.

బరువులు మోయవద్దని డాక్టర్ రాశారు. "తేలిక పని లేదు, మోస్తే మొయ్యి, లేకపోతే ఇంటికి పో" అన్నారు.

"బరువులు వద్దు" అన్న సర్టిఫికెట్ చాలదు. ఎన్ని కిలోల వరకు మోయవచ్చు, ఎన్ని గంటలు నిలబడవచ్చు, ఎన్ని వారాలు అన్నది డాక్టర్‌తో రాయించండి. డిపోలో మీరు చేయగల పనుల జాబితా మీరే రాసివ్వండి: స్కానింగ్, చిరునామాల సవరణ, వాపసు వచ్చిన పార్సిళ్ళ నమోదు, కొత్తవారికి రూటు చూపించడం. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అనే మాటకు అప్పుడు తావుండదు. గతంలో ఎవరికైనా తేలిక పని ఇచ్చి ఉంటే ఆ ఉదాహరణ ఇంకా బలం. ఇంటికి పంపితే, పంపినట్టు రాతలో తీసుకోండి. మీరు పనికి వచ్చారు, వాళ్ళు ఇవ్వలేదు అన్నది రికార్డులో ఉండాలి.

నా నడుము నొప్పి ఈ పని వల్లే వచ్చింది. మామూలు జబ్బని రాసుకున్నారు. తేడా ఏమిటి?

చాలా తేడా ఉంది. పని వల్ల వచ్చిన గాయానికి, జబ్బుకు సాధారణంగా వేరే పరిహారం, వేరే సెలవు ఉంటాయి. చాలాచోట్ల ఆ సెలవు హాజరు లెక్కలోకి రాదు. అందుకే "మామూలు జబ్బు" అని రాసేయడం వాళ్ళకు లాభం. డాక్టర్‌కు మీ పని వివరంగా చెప్పండి. రోజుకు ఎన్నిసార్లు బండి ఎక్కి దిగుతారో, ఎంత బరువు ఎత్తుతారో ఆయనకు తెలియదు, మీరు చెబితేనే రాస్తారు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. నడుము తిప్పినా, బరువు ఒంటికి దూరంగా ఉన్నా, మాటిమాటికీ ఎత్తినా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. బండి లోపల వంగి, తిరిగి, చేయి చాచి తీసే పార్సిల్‌కు ఈ మూడూ వర్తిస్తాయి. ప్రమాదాల రిజిస్టరులో నమోదు చేయమని ఆలస్యం కాకుండా రాతలో అడగండి. ఈ దరఖాస్తులకు గడువు ఉంటుంది.

తిరిగొచ్చాక నా పాత రూటు తీసేశారు, ఓవర్‌టైము ఆపేశారు. ఇది శిక్షేనా?

శిక్ష అని వాళ్ళు ఒప్పుకోరు, "అవసరాన్ని బట్టి మార్చాం" అంటారు. అందుకే ముందు, తర్వాత అనే రెండు వరసలు రాయండి: సెలవుకు ముందు నాలుగు వారాల రూటు, పార్సిళ్ళ సంఖ్య, గంటలు, జీతం. తర్వాత నాలుగు వారాలవి పక్కన. రూట్లు సీనియారిటీ ప్రకారం ఇవ్వాలని ఒప్పందంలో ఉంటే జబ్బు సంగతి ఎత్తకుండానే ఆ ఒక్క నియమం మీద గెలవవచ్చు.

## మెమో, విచారణ, తొలగింపు

మెమో ఇచ్చారు. సంతకం పెట్టాలా?

తీసుకోవడానికి నిరాకరించకండి. నిరాకరిస్తే అది రెండో ఆరోపణ అవుతుంది. "అందింది, ఇందులోని విషయాలను అంగీకరించడం లేదు" అని రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయండి. నకలు తీసుకోండి.

సంజాయిషీలో ఏం రాయాలి?

కోపంతో రాత్రికి రాత్రే రాయకండి, గడువు మాత్రం దాటనివ్వకండి. క్షమాపణ చెప్పకండి, జబ్బు పడటం తప్పు కాదు. "ఇకపై జరగకుండా చూసుకుంటాను" అన్న వాక్యం అలవాటుగా రాసేస్తారు, అది తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది. నాలుగైదు వాక్యాలు చాలు: "ఫలానా తేదీల్లో నేను అనారోగ్యంతో ఉన్నాను. ఫలానా సమయానికి ఫలానావారికి తెలియజేశాను, మెసేజ్ నకలు జతచేశాను. వైద్య ధ్రువపత్రం ఫలానా రోజు ఇచ్చాను. ఒప్పందంలోని నిబంధనలను పాటించాను. కనుక మెమోను ఉపసంహరించి నా రికార్డులోంచి తీసేయాలని కోరుతున్నాను." మీ ప్రతినిధికి చూపించాకే ఇవ్వండి.

"రాజీనామా రాసిస్తే మంచి సర్టిఫికెట్ ఇస్తాం, లేకపోతే తీసేస్తాం" అంటున్నారు.

ఆ గదిలో ఏదీ రాయకండి. రాజీనామా మీ చేత్తో రాస్తే తొలగింపు మీద పోరాడే హక్కు చాలావరకు పోతుంది, నిరుద్యోగ భృతి లాంటివి కూడా పోవచ్చు. "ఆలోచించుకుంటాను, యూనియన్‌తో మాట్లాడతాను" అని లేచి వచ్చేయండి. ఒత్తిడిలో ఇప్పటికే రాసిచ్చి ఉంటే, అదే రోజు వెనక్కి తీసుకుంటున్నట్టు రాతలో పంపండి. ఒక్కరోజు ఆలస్యం కూడా మీకు నష్టమే.

జబ్బు పడ్డానని ఉద్యోగం తీసేయవచ్చా?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం 6వ అధికరణం సూటిగా చెబుతుంది: జబ్బు వల్లో, గాయం వల్లో తాత్కాలికంగా పనికి రాకపోవడం తొలగింపుకు సరైన కారణం కాదు. ఆరోపణకు జవాబిచ్చుకునే అవకాశం ఇవ్వకుండా ప్రవర్తన, పనితీరు పేరుతో తీసేయకూడదని 7వ అధికరణం అంటుంది. ఈ ఒప్పందాన్ని ఆమోదించని దేశాలు చాలా ఉన్నాయి. కానీ ఇదే సూత్రం ఎన్నో దేశాల చట్టాల్లో, యూనియన్ ఒప్పందాల్లో వేరే మాటల్లో ఉంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, రక్షణ "తాత్కాలిక" గైర్హాజరీకే. మళ్ళీ ఆ పని చేయలేని స్థితి వస్తే సామర్థ్యం లేదన్న కారణంతో తొలగింపు చట్టబద్ధమయ్యే అవకాశం ఉంది. అప్పుడు కూడా వైద్య నివేదిక, వేరే పని చూపే ప్రయత్నం, నోటీసు, రావాల్సిన డబ్బు ఉండాలి. ఇవేవీ లేకుండా తీసేస్తే అప్పీలు గడువును వెంటనే కనుక్కోండి. కొన్నిచోట్ల అది వారాల్లోనే ముగుస్తుంది.

## యూనియన్, తోటివారు

మా ప్రతినిధే పట్టించుకోవడం లేదు. ఎవరిని అడగాలి?

ఫిర్యాదును ఆయనకు రాతలో ఇచ్చి తేదీ వేయించుకోండి. నోటితో చెప్పినది పని ఒత్తిడిలో మరిచిపోతారు. నా చేతిలోనూ అలా జరిగింది, ఒక సభ్యురాలి అప్పీలు గడువు నా వల్ల దాటిపోబోయింది, ఆమె కాగితం చూపించబట్టే ఆఖరి రోజున పట్టుకోగలిగాను. వారంలో కదలిక లేకపోతే శాఖ కార్యదర్శికి అదే నకలు ఇవ్వండి.

ఇది నా ఒక్కరి గొడవ. యూనియన్‌ను ఎందుకు కదిలించాలి?

మీ డిపోలో ఇలాంటి మెమో ఇంకెంతమందికి వచ్చిందో అడగండి. ఐదుగురు బయటపడితే అది వ్యక్తిగత ఫిర్యాదు కాదు, సామూహిక ఫిర్యాదు. ఒప్పందాల్లో మార్పు అలాగే వస్తుంది. అమెరికాలో యుపిఎస్ అనే పార్సిల్ సంస్థ కార్మికుల టీమ్‌స్టర్స్ యూనియన్ 2023 ఒప్పందంలో వేడిని బేరం బల్ల మీదికి తెచ్చింది. 2024 జనవరి 1 తర్వాత కొనే డెలివరీ వాహనాలకు ఏసీ, పాతవాటికి ఫ్యాన్లు అందులో ఉన్నాయి. బండి లోపల వేడికి కళ్ళు తిరిగిన ఒక్కొక్కరూ అది తన బలహీనత అనుకుని ఊరుకుంటే ఆ నిబంధన వచ్చేది కాదు.

తోటి ఉద్యోగి మాటిమాటికీ సెలవు పెడితే అతని ఇళ్ళన్నీ నా మీద పడుతున్నాయి. కోపం రాకూడదా?

వస్తుంది. రోజంతా మోసి, చీకటి పడ్డాక ఇంకో నలభై ఇళ్ళు తిరిగినవాళ్ళకు కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ మనుషులు జబ్బు పడతారన్నది సంస్థకు ముందే తెలిసిన విషయం. దానికి అదనపు సిబ్బందిని పెట్టుకోకపోవడం ఆ జబ్బు మనిషి నిర్ణయం కాదు. అతని మీద సూపర్‌వైజర్‌కు చెప్పిన మాట రేపు అతని విచారణలో సాక్ష్యంగా వస్తుంది, ఎల్లుండి మీకు జ్వరం వస్తే అదే కొలత మీకూ పెడతారు. బదులుగా ఆ రోజు మీకు అదనంగా ఎన్ని ఇళ్ళు వేశారు, ఎన్ని గంటలకు ముగించారు, భోజన విరామం దొరికిందా అన్నది తేదీలవారీగా రాసి ప్రతినిధికి ఇవ్వండి. ఖాళీ పోస్టులు భర్తీ చేయమని, అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వమని అడిగేటప్పుడు బల్ల మీద పెట్టడానికి మాకు ఆ కాగితమే కావాలి.